కాదని చెప్పడానికి వెళ్లిన మనిషి

మా సారు పోయారని హాలియా సంతలో తెలిసింది. చెప్పినవాడు నాతోపాటు చదివినవాడే, ఇప్పుడు పక్క పంచాయతీ సమితిలో ఉద్యోగం. ఎండుమిరప కుప్పల పక్కన నన్ను ఆపి, "సారు పోయిండట, ఎరుకేనా?" అన్నాడు. మహబూబ్‌నగర్ దగ్గర సొంతూళ్లో గుండెనొప్పి వచ్చిందట. దవాఖానకు తీసుకుపోయేలోపలే పోయారు. మాకు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. తర్వాత ఎవరి బస్సు వాళ్లం ఎక్కాం.

ఆయన పెద్ద పదవులు చేసిన మనిషి కాదు. అందరికీ నచ్చిన మనిషి కూడా కాదు. క్లాసుకు ఆలస్యంగా వచ్చేవారు, మార్కులు వేయడంలో పిసినారి. అయినా నేను ఈ సమితి ఉద్యోగంలో రోజూ చేసే పనిలో సగం ఆయన నేర్పిందే. అందుకే ఈ నాలుగు మాటలు.

బి.ఏ. అయ్యాక నేను హైదరాబాదులో ఒక డిప్లొమా చదివాను. సర్కారు చేపట్టిన పనిని మొదటినుంచి చివరిదాకా ఎలా నడపాలి, దాని గురించి జనంతో ఎలా మాట్లాడాలి అన్నవి అందులో నేర్పేవారు. ఒకదాన్ని ప్రాజెక్టుల నిర్వహణ అనేవారు, రెండోదాన్ని పౌర సంబంధాలు. మా మర్రిగూడ దిక్కు ప్రాజెక్టు అంటే ఆనకట్టే. "కట్ట కట్టుడు నేర్పుతరా బిడ్డా?" అని మా బాపు అడిగాడు. కాదు, ఊరోళ్లతో మాట్లాడటం నేర్పుతారన్నాను. మా అవ్వ పకపకా నవ్వింది. "మాట్లాడనీకె గూడ సదువా!"

ఆ మాట సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "మీ అవ్వ సరిగ్గనే అన్నది. మాట్లాడుడు అందరికొస్తది. వినుడే రాదు. ఫీజు దానికే" అన్నారు.

ఆయనకో అలవాటుండేది. ఎవరైనా కోపంగా మాట్లాడటం మొదలుపెడితే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునేవారు. ఎందుకని అడిగితే, "మొఖం కనవడితె మనకూ కోపమొస్తది. మొఖం మసకైతె మాటొక్కటే ఇనవడ్తది" అనేవారు. మధ్యాహ్నం క్లాసు గదిలోనే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తింటూ మా కాగితాలు దిద్దేవారు. వాటి మీద కారం మరకలు పడేవి.

చదువు చివర్లో మమ్మల్ని హాలియాకు ఎగువన ఒక ఊరికి పంపారు. ఆనకట్ట నుంచి పెద్ద కాలువలోకి కొద్ది నెలల్లో నీళ్లు వదులుతారని చెప్పుకుంటున్న రోజులవి. పెద్ద కాలువ నుంచి ఊరి మెట్టచెలకల దాకా పిల్లకాలువ తవ్వుకోవాల్సింది ఊరివాళ్లే. నీళ్లు వచ్చేలోగా తవ్వుకోకపోతే ఆ ఏడు ఆ ఊరికి నీళ్లు లేనట్టే. ఆ పనికి వరస వేసి, ఊరిని ఒప్పించి రావడం మా పరీక్ష.

బడి ముందు మీటింగు పెట్టాం. కాలువ పోయే దారి చూపించాం. అందరూ తలలూపారు. "మంచిగున్నది సారూ, మీరెట్లంటె గట్లనే" అన్నారు. మేము సంతోషంగా తిరిగొచ్చి, పెద్ద కాగితం మీద ఏ వారం ఏ పనో గీతలు గీసి సారు ముందు పెట్టాం.

ఆయన కాగితం చూడలేదు. "ఎవరన్న లొల్లి పెట్టిండ్రా?"

"లేదు సార్. అందరూ ఒప్పుకున్నరు."

"అయితే ఎవ్వరూ ఒప్పుకోలె. తలూపిండ్రంటె మీకు మర్యాద జేసిండ్రు, గంతే."

మేము నమ్మలేదు. పని మొదలుపెట్టే రోజున గునపాలు, తట్టలు పట్టుకుని వెళ్తే ఒక్క మనిషీ రాలేదు.

ఈసారి సారు మాతో వచ్చారు. ఊళ్లోకి అడుగుపెడుతూనే ఎదురైన మనిషిని అడిగారు: "ఊర్లె అందరికన్న నోరుగల్లామె ఎవలు?" అతను నవ్వి ఒక గొల్ల ముసలమ్మ ఇల్లు చూపించాడు. సారు వెళ్లి ఆమె గడప ముందు నేల మీద కూర్చున్నారు.

"ఏమయ్యా కండ్లద్దాలాయనా, గిప్పుడు యాదికొచ్చినమా?" అని మొదలుపెట్టింది ఆమె. సారు అద్దాలు తీశారు. "మీరు గీసిన గీత మా గొర్ల బాట మీదికెల్లి పోతాంది. కాల్వ నిండినంక గొర్లు గుట్టకెట్ల పోవాలె? ఎగిరి పోవాల్నా? నువ్వు ఎత్తుకపోతవా?"

అప్పుడు ఒక్కొక్కరే చేరారు, ఒక్కొక్క మాటే బయటపడింది. కోతలయ్యాక రైతులు తమ చెలకల్లో గొర్రెల మందను పడుకోబెట్టించుకుంటారు. ఆ ఎరువుతోనే పంట. బాట తెగితే మంద వేరే ఊరికి పోతుంది. అందుకని నీళ్లు కావాల్సిన రైతులు కూడా మా ముందు తలలూపి, ఇంట్లో కూర్చున్నారు. బాట దగ్గర కాలువ మీద బండలు పరిస్తే చాలు, అందరూ వస్తామన్నారు.

"ఇప్పిస్తం అని చెప్పండి సార్" అని నేను చెవిలో అన్నాను.

"అడుగుతనని చెప్తా" అన్నారు.

అడిగారు. బండలకు ఖర్చు మంజూరులో లేదని ఆఫీసులో చెప్పారు. మళ్లీ వెళ్లి అడిగారు. అదే జవాబు. ఆ సంగతి ఒక కార్డు ముక్క మీద రాసి ఊరికి పంపుదామన్నాను. సారు నా దిక్కు చూసి, "అవునని కార్డు రాయొచ్చు. కాదని మాత్రం మనిషే పోయి చెప్పాలె" అన్నారు.

రోడ్డు మీద బస్సు దిగి ఎండలో నడిచాం. ఊరు పోగైంది. సారు నిలబడి చెప్పారు: "అడిగిన. లేదన్నరు. మళ్ల అడిగిన. మళ్ల లేదన్నరు. ఇగ ఇస్తరన్న నమ్మకం నాకు లేదు."

"మరెందుకొచ్చినవ్?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"లేదని చెప్పనీకె."

ముసలమ్మ అందుకుంది. సారు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆమె ఆఫీసును తిట్టింది, సర్కారును తిట్టింది, మా చదువును తిట్టింది. మధ్యలో ఆగి, "ఏందయ్యా, ఇంటున్నవా, నిద్రవోయినవా?" అంది. జనం నవ్వారు.

"ఇంటున్న. చెప్పమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు తగ్గింది. "మా ఊరికి చానమంది వచ్చిండ్రు. అయితది, అయితది అని చెప్పి పోయిండ్రు. మళ్ల మొఖం జూపలె. కాదని చెప్పతందుకు తిరిగొచ్చినోనివి నువ్వొక్కనివే."

ఆ తర్వాతే అసలు లొల్లి మొదలైంది. గుట్ట దగ్గర బండలున్నాయని ఒకరు, మోయడానికి బండ్లు ఎవడిస్తాడని ఇంకొకరు. "నీ ఎడ్లు కూసుండి తింటున్నయి గద, నువ్వియ్యి" అని మరొకరు. ఒకరి మీద ఒకరు కేకలు. సారు అద్దాలు పెట్టుకుని నాతో నెమ్మదిగా అన్నారు, "ఇప్పుడు ఒప్పుకున్నరు. ఇగ మీ గీతలు గీసుకోండ్రి."

కాలువ తవ్వారు. బండలు పరిచారు. నీళ్లు వచ్చాయి. అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. బండ ఇరుకుగా పడింది. మొదటి వానల్లో ఒక గొర్రెపిల్ల కాలువలో పడి చచ్చిపోయింది. అప్పటికి మా చదువు అయిపోయింది. ఆ ఊరితో సారుకు పనేమీ లేదు. అయినా సంగతి విని హైదరాబాదు నుంచి వెళ్లి, తిట్లు తిని వచ్చారట. ఆయన వచ్చిపోయాక పక్కన ఇంకో బండ పడింది. ఎవరు వేశారో నేను అడగలేదు.

సంతలో ఆ కబురు విన్న మర్నాడు నేను ఆ ఊరికి వెళ్లాను. ఎవరితోనైనా చెప్పి పంపొచ్చు. పంపబుద్ధి కాలేదు. పొద్దు వాలుతుండగా ముసలమ్మ మందను గుట్ట మీద నుంచి తోలుకొస్తూ కాలువ దగ్గర కనిపించింది. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"అమ్మా, కండ్లద్దాల సారు పోయిండు."

ఆమె ఏడవలేదు. కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. "గిది చెప్పనీకె వచ్చినవా?" అంది.

"అవునమ్మా."

"మంచిగ జేసినవ్" అని మంద వైపు తిరిగింది.

ముందున్న పొట్టేలు బండ అంచున ఆగి, వాసన చూసి, అడుగు వేసింది. దాని వెనక మిగతావి. రాయి మీద గిట్టల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక కుంటి గొర్రె వెనకబడితే, అది దాటేదాకా ఆమె బండ ఇవతలే నిలబడింది. అది కూడా దాటిపోయాక, కింద పారుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది.