త్రీడీలో ఏమీ రాదన్న పెద్దల్లుడు

అద్దాలాయన ఒక సినిమాకి "బాగాలేదు" అని ముద్ర వేశాడంటే, ఆ సాయంత్రానికల్లా హాలు ముందున్న పోస్టరు దానంతట అదే ఊడి కిందపడేదని అత్తవారింట్లో చెప్పుకునేవారు. పడుతుండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ చూశామని చెప్పినవాళ్ళు నలుగురున్నారు. ఆ నలుగురిలో ఆయన ఒకడు.

ఆయన పని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. సెలవు శుక్రవారం. ఆదివారం సెలవు తీసుకోవయ్యా అని యజమాని కాళ్ళావేళ్ళా పడినా తాను ఒప్పుకోలేదని చెప్పుకునేవాడు. కొత్త సినిమా వచ్చేది శుక్రవారం కదా మరి! పొద్దుటి ఆట చూడాలి, శనివారమంతా బుర్రలో నానబెట్టాలి, ఆదివారం మధ్యాహ్నం దుకాణం కట్టేయగానే మామగారింటికి వెళ్ళి విప్పాలి.

మామగారు ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ముప్ఫై అయిదేళ్ళు కిటికీ లేని పెట్టెలో పైకీ కిందికీ తిరిగిన మనిషి గనక, బయటి సంగతులు ఎవరు చెప్పినా చెవి కోసుకునేవారు. ముందు గదిలో ఆయన వాలుకుర్చీ, దాని పక్కనే చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ. సినిమా చెప్పేవాడు కూర్చోవాల్సింది అందులోనే. పన్నెండేళ్ళుగా అది పెద్దల్లుడిది, అంటే అద్దాలాయనది.

"ఏం పెద్దల్లుడూ, ఎలా ఉంది?" అనేవారు మామగారు.

"ఫస్టాఫ్ పరిగెత్తింది మామయ్యా. సెకండాఫ్‌లో కాలు బెణికింది. హీరో ఏడుస్తుంటే మనకి నవ్వొస్తుంది, నవ్వుతుంటే భయమేస్తుంది. ఫోన్లోకి వచ్చేదాకా ఆగండి."

ఇంక అంతే. ఇంటిల్లిపాదీ ఫోన్లోకి వచ్చేదాకా ఆగేవారు. ఆయన వెళ్ళమంటే వెళ్ళేవారు, వెళ్ళొచ్చి ఆయన అన్నట్టే ఉందనేవారు. ఒకసారి మరదలు "నాకు నచ్చలేదు బావా" అంటే, "నువ్వు పక్క సీట్లోంచి చూసుంటావు, మధ్యలో కూర్చోవాల్సింది" అని సర్దిచెప్పాడు. ఆ పిల్ల మళ్ళీ వెళ్ళి మధ్యలో కూర్చుని చూసి, నిజమే బావా అంది.

ఆ మరదలికి పెళ్ళయింది. వచ్చిన తోడల్లుడు ఏసీ మెకానిక్. రెండేళ్ళు ఏ గొడవా లేదు. అతను ఆదివారాలు వచ్చి గోడవారగా కూర్చుని, అద్దాలాయన చెప్పేది అందరితోపాటు నోరు తెరుచుకుని వినేవాడు. ఆ తర్వాత కొత్తగా కట్టిన అయిదు తెరల హాలులో అతనికి ఉద్యోగం దొరికింది. ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఆట నడుస్తుండగా ఒక్కో వరసలో కాసేపు కూర్చుని చల్లదనం సరిపోతోందో లేదో చూసుకోవడం. అద్దాలాయన ఆ సంగతి విన్న రోజు భోజనం సగంలో లేచిపోయాడు.

ఒక ఆదివారం అద్దాలాయన పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి ప్లాస్టిక్ కుర్చీలో తోడల్లుడు కూర్చుని ఉన్నాడు.

"చేప తెరలోంచి బయటికొచ్చింది మామయ్యా," అంటున్నాడు. "ముందు వరస దాటింది. మా వరసకొచ్చింది. సరిగ్గా నా ముక్కు ముందు ఆగి నోరు తెరిచింది. పళ్ళ మధ్య ఇరుక్కున్న నాచు కూడా కనిపించింది."

"నాచా!" అన్నారు మామగారు. వాలుకుర్చీలో వాలి ఉండాల్సిన మనిషి నిటారుగా లేచి కూర్చున్నారు.

"నా పక్కనున్నావిడ బ్యాగు అడ్డం పెట్టుకుంది. వెనకాయన కాళ్ళు పైకి లాక్కున్నాడు."

"అంత దగ్గరికొస్తే బ్రష్షు తెచ్చి పళ్ళు తోమేయకపోయావా తమ్ముడూ?" అన్నాడు అద్దాలాయన గుమ్మంలోంచి.

అందరూ నవ్వారు. కానీ నవ్వుతూ చూసింది తోడల్లుడి వైపే. మామగారైతే నవ్వనైనా నవ్వలేదు. "ఉండవయ్యా, చెప్పనీ. ఊఁ, తర్వాత?" అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన "ఉండవయ్యా" అన్నది అదే మొదటిసారి.

అద్దాలాయన గోడవారగా కూర్చున్నాడు. అక్కడ్నుంచి మామగారి వీపు తప్ప ముఖం కనిపించదని అప్పుడు తెలిసింది.

తర్వాతి ఆదివారాల్లో సంగతి ముదిరింది. తోడల్లుడు పెద్ద తెర గురించి చెప్పాడు. అందులో హీరో ముక్కు ఒక్కటే మనింటి తలుపంత ఉంటుందన్నాడు. ఊగే కుర్చీల హాలు గురించి చెప్పాడు. తెర మీద వాన పడితే మన మీద తుంపర పడుతుందన్నాడు.

"తడవడానికి టిక్కెట్టెందుకు? వానాకాలంలో మా దుకాణం ముందు నిలబడితే సరి," అన్నాడు అద్దాలాయన. "కుర్చీ ఊగినంత మాత్రాన సినిమా అయిపోతే నేను రోజూ బస్సులో రెండు ఆటలు చూస్తున్నట్టే. సినిమాకి కావలసింది కథ మామయ్యా, కథ!"

"ఒక్కసారి మీరూ రండి అన్నయ్యా. నేను మంచి సీటు చూపిస్తా," అన్నాడు తోడల్లుడు.

వెటకారం ఉంటే బదులు చెప్పడం తేలిక. ఆ గొంతులో వెటకారం లేదు. అద్దాలాయనకి కడుపు మరీ మండింది.

ఆ శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఆ చేప సినిమాకే వెళ్ళాడు. తోడల్లుడి కంట పడకూడదని టోపీ పెట్టుకున్నాడు. చేతికిచ్చిన త్రీడీ కళ్ళజోడు తిప్పి చూసి, ముక్కు దగ్గర వదులు, కుడి అద్దం మీద రెండు గీతలు అని మనసులోనే తీసిపారేశాడు. జేబులోని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టుకున్నాడు. దీపాలారాయి. చేప వచ్చింది. తెర మీద అటునుంచి ఇటు ఈదింది. నోరు తెరిచింది. తెర దాటి అంగుళం ఇవతలికి రాలేదు.

హాల్లో జనం మాత్రం కెవ్వుమంటున్నారు. తలలు పక్కకి వంచుతున్నారు. చేతులు చాచి గాలిని పట్టుకుంటున్నారు. అద్దాలాయన వాళ్ళకేసి చూసి, విషయం పట్టేశాననుకున్నాడు. ఎవడో ఒకడు మొదట కెవ్వుమన్నాడు. తమకి రాలేదంటే పరువు పోతుందని మిగతావాళ్ళు అందుకున్నారు. ఇంతమంది అబద్ధాలకోర్లలో తోడల్లుడొకడు! ఆ రోజు ఆయన ఇంటికి నడిచి వెళ్ళలేదు, నేలకి జానెడు ఎత్తున తేలుతూ వెళ్ళాడు. దారిలో చూసినవాళ్ళు ఈసారి ఆరుగురు.

ఆదివారం గుమ్మంలో అడుగుపెడుతూనే మొదలుపెట్టాడు.

"చూసొచ్చాను మామయ్యా. చేప తెరలోనే ఉంది. గడప దాటలేదు. రెండున్నర గంటలు రెప్ప వేయకుండా చూశాను. త్రీడీ లేదు, గీడీ లేదు. ఇన్నాళ్ళూ మనం విన్నవన్నీ కోతలు."

తోడల్లుడి ముఖం వాడిపోయింది. "లేదు మామయ్యా, ఒట్టు. నిజంగా వస్తుంది."

"నీ ముక్కు దాకా వచ్చింది నా ముక్కు దాకా రాదేం? నా ముక్కేమైనా పొట్టిదా?"

మామగారు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు. "అబద్ధం చెప్పి నన్ను కూర్చోబెట్టారంటే మాత్రం నేనొప్పుకోను," అన్నారు. "వచ్చే ఆదివారం మ్యాట్నీకి ముగ్గురం వెళ్దాం. నా కళ్ళతో నేనే చూస్తా. ఎవరి మాట నిజమైతే ఇకమీదట వాళ్ళ మాటే వింటా."

అద్దాలాయన ఈల వేస్తూ అద్దాలు అరగదీశాడు. బుధవారం దాకా.

బుధవారం దుకాణంలో కంటి డాక్టరమ్మ ఒక చిన్నపిల్లని పరీక్షిస్తోంది. ఆ పరీక్షకో పుస్తకం ఉంటుంది. తెరిస్తే పేజీ అంతా పెద్ద ఈగ బొమ్మ. నల్ల కళ్ళజోడు పెట్టి రెక్క పట్టుకోమంటారు. ఆ పిల్ల పేజీకి నాలుగు వేళ్ళ ఎత్తున గాలిలో చిటికెడు పట్టి కిలకిలా నవ్వింది. ఆ పుస్తకాన్ని అద్దాలాయన ఎన్నేళ్ళుగానో దులుపుతున్నాడు. పిల్లల ధైర్యం చూడటానికనుకునేవాడు.

"ఇదీ త్రీడీ బాపతేనా డాక్టరమ్మా? నేర్పిస్తే బాగానే నటిస్తున్నారు పిల్లలు," అన్నాడు.

"నటించడమేంటి? ఏదీ, మీరు పట్టుకోండి."

కళ్ళజోడు పెట్టుకుని రెక్క పట్టుకున్నాడు. వేళ్ళు కాగితానికి తగిలాయి.

"పైన పట్టుకోండి."

"పైన ఏముందమ్మా?"

డాక్టరమ్మ నవ్వు ఆపేసింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కుడికన్ను మూసి గోడమీది అక్షరాలు చదవమంది. అద్దాలాయన మొదటి వరస కూడా చదవలేకపోయాడు.

"మీ ఎడమ కన్ను చిన్నప్పట్నుంచీ బద్ధకిస్తోందండీ. కుడికన్నే మొత్తం పని చేసుకుపోతోంది. రెండూ కలిసి చూస్తేనే ఏదైనా ముందుకొచ్చినట్టు కనిపించేది. మీకెప్పుడూ తెలీలేదా?"

ఎలా తెలుస్తుంది? అద్దం పవరు చూసే యంత్రానికి గొట్టం ఒక్కటే. ఇరవై రెండేళ్ళుగా కుడికన్ను అందులో పెట్టి, ఎడమకన్ను మూసుకునే ఊరందరి చూపూ సరిచేశాడు. తన కళ్ళకి అక్షరాల గోడ చూపించాలన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

విచిత్రమేమిటంటే ఆయనకి కంటి గురించి దిగులు కలగలేదు. "అయితే వాడు చెప్పింది నిజమన్నమాట," అని మొదట అనుకున్నాడు. "వాడికి రెండూ పనిచేస్తున్నాయన్నమాట," అని తర్వాత అనుకున్నాడు.

ఇంట్లో భార్య తేలిగ్గా తీసుకుంది. "నాన్నతో చెప్పేయండి. కన్ను కనపడకపోతే మీ తప్పేముంది?"

"వాడి ముందా?"

"వాడి ముందైతే ఏం? అతనేమైనా మీ కన్ను లాక్కున్నాడా?"

"కుర్చీ లాక్కున్నాడుగా!" అన్నాడు అద్దాలాయన.

ఆదివారం హాల్లో మామగారు మధ్యలో, అల్లుళ్ళు చెరోపక్క కూర్చున్నారు. "మొన్న నాకిచ్చిన కళ్ళజోడు పాడైందనుకుంటా మామయ్యా. మాలాంటి పనివాళ్ళకి అలాంటివి తెలిసిపోతాయి," అని అద్దాలాయన ముందే దారి వేసుకున్నాడు. జనం చేతులు చాచినప్పుడు తానూ చాచాలి, అంతే. ఈ మాత్రం రాదా?

చేప రాగానే హాలు కెవ్వుమంది. అద్దాలాయన చెయ్యి ఒక క్షణం ఆలస్యంగా లేచింది. "అబ్బ! వచ్చేసింది మామయ్యా! తమ్ముడన్నది నిజమే. చెవి రాసుకుంటూ పోయింది!"

మామగారు పెద్దల్లుడి వైపు వంగి, "నాకేం రాలేదయ్యా," అన్నారు మెల్లగా. "గోడమీది బొమ్మలా అక్కడే ఉంది. నువ్వు రాదంటే, సరే, అందరికీ అంతేననుకున్నా. ఇప్పుడు నీకూ వస్తోందంటున్నావు. అయితే నా కళ్ళే పోయాయన్నమాట."

అద్దాలాయనకి అప్పుడు తట్టింది. మామగారికి ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి ఇంకా తీయాలి. ఆ కళ్ళకి అద్దాలు బిగించింది తానే. ఆ రెండో కన్ను మసకే తప్ప మరేమీ చూడదని తన కంటే బాగా తెలిసినవాడు ఆ హాల్లో లేడు. ఒక్కమాట చాలు. "నాకూ రావడం లేదు మామయ్యా, మనిద్దరిదీ ఒకటే బాధ." నోటి చివరికొచ్చింది కూడా. మామగారి భుజం మీదుగా తోడల్లుడి తల ఇటు తిరగడం కనిపించింది.

"నాకు బాగానే వస్తోంది మామయ్యా," అన్నాడు అద్దాలాయన.

తోడల్లుడు మామగారి చెవి దగ్గరికి జరిగాడు. "రాకపోతే ఏం మామయ్యా, నేను చెప్తాగా. ఇప్పుడు అడుగున బుడగలు లేస్తున్నాయి. మన కాళ్ళ దగ్గర్నుంచి వస్తున్నాయి. ఒకటి మీ మోకాలి మీద కూర్చుంది. చెయ్యి పెట్టకండి, పగులుతుంది. అదిగో, పగిలింది!"

మామగారు మోకాలు దులుపుకుని నవ్వారు.

అద్దాలాయన కూడా తనకి తెలియకుండానే అటు వాలాడు. బుడగలు తన మోకాలి మీదా కూర్చుంటున్నాయి. తాబేలొకటి ముందు సీటు వీపు మీద పాకుతోంది. తోడల్లుడు చెప్పిన చోటికల్లా ఆయన చెయ్యి సరైన సమయానికి లేస్తోంది. ఎంత బాగా చెప్తున్నాడు, దొంగ వెధవ! ఇంత బాగా తానెప్పుడైనా చెప్పాడా? ఆ ప్రశ్న గుండెలో ములుకులా దిగబడింది.

"నువ్వెందుకయ్యా నా మీద పడిపోతావు? నీకు కనిపిస్తోందిగా!" అన్నారు మామగారు విశ్రాంతికి దీపాలు వెలిగాక.

రెండో సగమంతా అద్దాలాయన మేకు కొట్టినట్టు నిటారుగా కూర్చుని చూశాడు. పక్కన గుసగుసలు వినిపిస్తున్నాయి గానీ మాటలు అందడం లేదు. మామగారు మూడుసార్లు "అమ్మో" అన్నారు, ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు. తెర మీద నీళ్ళు తప్ప అద్దాలాయనకి ఏమీ అర్థం కాలేదు. మొదటిసారి కూడా చేప తెర దాటుతుందా లేదా అన్నదే చూశాడు గానీ కథ చూడలేదు.

బయట ట్యాక్సీ ఎక్కారు. వెనక సీట్లో మామగారు, ఆయన పక్కన తోడల్లుడు. ముందు సీటు అద్దాలాయనకి మిగిలింది.

"చేప సినిమాకేనా సార్? ఎలా ఉంది?" అని అడిగాడు డ్రైవరు.

అలా అడిగి ఎవరైనా ఆయన ముఖంలోకి చూసి ఎన్ని ఆదివారాలైందో! అద్దాలాయన సర్దుకుని కూర్చున్నాడు. "ఏం చెప్పమంటావు! బుడగలు కాళ్ళ దగ్గర్నుంచి లేచాయయ్యా. మోకాలి మీద కూర్చున్నాయి. తాబేలు ఎదుటి సీటు మీద పాకింది, డిప్ప మీద గీతలు లెక్కపెట్టాను, పదకొండు..."

డ్రైవరు ఎర్ర దీపం దగ్గర బండి ఆపి పూర్తిగా ఇటు తిరిగాడు. వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. పన్నెండేళ్ళ పాత పట్టు గొంతులోకి వచ్చి చేరింది. విశ్రాంతి దాకా ఎక్కడా తొట్రు పడకుండా చెప్పుకొచ్చాడు.

"తర్వాతేమైంది సార్?"

అద్దాలాయన నోరు తెరిచాడు. లోపల నీళ్ళు తప్ప ఏమీ లేవు. పచ్చదీపం పడింది. డ్రైవరు కదలకుండా ఎదురుచూస్తున్నాడు. వెనకున్న బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి. వెనక సీట్లోంచి తోడల్లుడు అందుకోలేదు, నవ్వనూ లేదు. చెవి ఇటు పెట్టి ముందుకు వంగి కూర్చున్నాడు.

అద్దాలాయన తల తిప్పకుండా, పళ్ళు బిగించి అన్నాడు: "నాకు కనిపించలేదు తమ్ముడూ. నువ్వు చెప్పు."