తొంభై దాటని ట్రైలర్

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని హెండర్సన్‌లోని మా ఇంటికి వచ్చి, అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకునేసరికి, మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ఆస్ట్రేలియా నుంచి ఒక వీడియో పంపాడు. కారు వెనక ఇల్లంత కారవాన్ తగిలించుకుని సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళే హైవే మీద పోతున్నాడు. వచ్చేవాళ్ళకొక దారి, పోయేవాళ్ళకొక దారి, మధ్యలో వెడల్పాటి పచ్చిక, నూట పది మీద కదలకుండా నిలబడిన స్పీడోమీటర్ ముల్లు. ఈస్టర్‌కి మా సంఘం క్యాంపుకు రమ్మని ఎప్పటినుంచో బతిమాలుతున్నాను, ఆ మాటకు మాత్రం జవాబు లేదు. నాకు కుళ్ళు పుట్టింది. పొరుగువాడిది ఏదీ ఆశించకూడదనే పదవ ఆజ్ఞను చిన్నప్పుడే సండే స్కూల్లో అప్పజెప్పినవాణ్ణి, అయినా పుట్టింది. అందులో ఎద్దూ గాడిదా ఉన్నాయి గాని హైవే లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలాగే చదువుకని వచ్చి, ఆస్ట్రేలియా పక్కనున్న ఈ చిన్న దేశంలోనే ఉండిపోయినవాళ్ళకు ఆ తొలి రోజులు గుర్తుండే ఉంటాయి. మా సంఘానికి సొంత మందిరం లేక ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకునేవాళ్ళం, స్పీకర్లు, మడత కుర్చీలు, బిర్యానీ గిన్నెలు అన్నీ ఒక ట్రైలర్‌లోనే కాపురం ఉండేవి. లాగే కారు నాది, పక్క సీటు మా తోడల్లుడిది. ఈస్టర్ సెలవులకు టౌపో సరస్సు దగ్గరి క్యాంపుకు అందరూ కదిలేవాళ్ళు. ట్రైలర్ ఉంటే ఇక్కడ గంటకు తొంభై కిలోమీటర్లు దాటకూడదు. అప్పట్లో హామిల్టన్ వైపు చాలా దూరం ఎటు పోయేవాళ్ళకైనా ఒకటే వరస, పైగా కంకర తేలిన తారు. మా వెనక కార్లు బారులు తీరేవి, జాగా కనిపించినచోట నేను పక్కకు తీస్తే, వాళ్ళు చెయ్యి ఊపుతూ దాటిపోయేవాళ్ళు. అతను మాత్రం, అరణ్యంలో నలభై ఏళ్ళు తిరిగిన ఇశ్రాయేలీయులే మనకన్నా ముందు చేరి ఉంటారు అన్నయ్యా అని దెప్పుతూ, మళ్ళీ తనే పాట ఎత్తుకునేవాడు. అతని గొంతు నా గొంతుకు రెండో చరణానికల్లా అతుక్కునేది, ఆ ప్రయాణంలో నాకు తెలిసిన ఆరాధన అదే.

బయల్దేరేముందు సంఘమంతా ట్రైలర్ చుట్టూ నిలబడి దాని మీద చేతులుంచి ప్రార్థించడం మా ఆచారం. ఒక ఏడాది మేమిద్దరం ట్రైలర్‌ను కారుకు తగిలిస్తుండగానే సంఘపెద్ద అంకుల్ ప్రార్థన ఎత్తుకున్నారు. కళ్ళు మూసుకున్నాం. ఆయన ప్రార్థన భూదిగంతాలు చుట్టి ఆమెన్ దగ్గరికి వచ్చేసరికి, లాక్ నేను వేశానని అతనూ, అతను వేశాడని నేనూ అనుకుని బండెక్కేశాం. దారిలో బాంబే అనే కొండ దాటాక ఒక గతుకు దగ్గర ట్రైలర్ ఎగిరి ఊడింది. జాగ్రత్తకని తగిలించే గొలుసు పట్టుకుని ఆగింది గాని, లేకపోతే ఏమయ్యేదో తలుచుకోను. క్యాంపులో అంకుల్ సాక్ష్యం చెబుతూ, మనల్ని పట్టుకున్నది ప్రభువు హస్తమే అన్నారు. మా తోడల్లుడు నా చెవిలో అన్నాడు: "పట్టుకున్నది ప్రభువే అన్నయ్యా. గొలుసు మాత్రం నేను తగిలించా." నాకు నవ్వాగక బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

తరవాత ఉద్యోగం వచ్చి వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా రోడ్ల కబుర్లే. సిడ్నీ వైపు మామూలు కారవాన్‌కి వేరే హద్దే లేదట, బోర్డు మీద ఎంతుంటే అంతట. పడమటి రాష్ట్రంలో అలా కాదని విన్నాడట, సరిహద్దు దాటితే రూలు మళ్ళీ చూసుకోవాలట. నేను ఊ కొడుతూ లోలోపల ఉడికిపోయేవాణ్ణి. ఒకసారి క్వీన్స్‌లాండ్ లోపలి దారుల్లో గతుకులకు కారవాన్‌లో గిన్నెలన్నీ కిందపడ్డాయని వాపోతే, అయ్యో అన్నాను గాని, ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

ఆ ఆదివారం సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. "ఈసారీ కుదరదు అన్నయ్యా. ఇక్కడి సంఘం ట్రైలర్ నాకే అప్పజెప్పారు. మనలాగే చేతులు పెట్టించి ప్రార్థన చేయిస్తున్నా."

"పక్క సీట్లో ఎవరు?" అని అడిగాను.

"సంఘంలో ఒక తమ్ముడున్నాడు. బాగా పాడతాడు."

మంచిది అన్నాను. హైవేకి అసూయపడ్డప్పుడు ఆజ్ఞలో దాని పేరు లేదని తప్పించుకున్నాను గాని, ఆ పాడే తమ్ముడి విషయంలో అలాంటి సాకేదీ దొరకలేదు.

నిన్న క్యాంపు సామాను ముందుగా దింపి రావడానికి ఒక్కణ్ణే బయల్దేరాను. ఇప్పుడు హామిల్టన్ దాటేదాకా మాకూ విడివిడి వరసల నున్నటి దారి వచ్చింది, కార్లు నూట పది మీద పోయే చోట్లు కూడా ఉన్నాయి, ట్రైలర్‌కి మాత్రం అదే తొంభై. ఇలాంటి రోడ్డు కోసం ఎన్నేళ్ళు కుళ్ళుకున్నానో దేవుడికి తెలుసు, ఆయన ఇచ్చాడు, స్తోత్రం. ఎడమ వరసలో నా మానాన నేను పోతుంటే కుడివైపు నుంచి అందరూ జారిపోతూనే ఉన్నారు. నేను పక్కకు తీయనక్కరలేదు, చెయ్యి ఊపేవాళ్ళూ లేరు. పాట ఎత్తుకుని మొదటి చరణం పాడి ఆగిపోయాను. దారి బాగుపడ్డాక నా వెనక ఆగవలసిన పని ఎవరికీ లేకుండా పోయింది.