ఒక నూలు తక్కువ

1963 ఆగస్టు 11, ఆదివారం. బిట్రగుంట రైల్వే కాలనీ, మా ఇంటి పంచ. ఉన్నవారు: ఫైర్‌మన్ పెంచలయ్య, అతని భార్య సుబ్బమ్మ, వాళ్లింట్లోనూ మా ఇంట్లోనూ పనిచేసే కోటమ్మ, నా భార్య, నేను. సాయంత్రం లోకో షెడ్డు నుంచి మరో ముగ్గురు.

ఆనాటి డైరీలో ఇంతవరకు నిజమే రాశాను. దాని కింద ఉన్న రెండు వాక్యాలు అబద్ధం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, విరమించాక కూడా, ఆ పుట తెరవకుండా దాటేస్తూ వచ్చాను. తెరవకపోతే బరువు తగ్గుతుందా? తగ్గలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ఆ వేసవిలో ఆవిరి తగిలి పెంచలయ్య కుడిచెయ్యి కాలింది. వేళ్లు ముడుచుకుపోయాయి. దేశం వదిలి వెళ్తున్న ఒక గార్డు అతనికి ముక్కలు పేర్చే బొమ్మ పెట్టె ఇచ్చి వెళ్లాడు. అన్నీ పలక చెక్క ముక్కలే. వంతెన మీద రైలు, పైన విశాలమైన నీలాకాశం. వేళ్లు మళ్లీ వంగాలని మూడు నెలలు ఒక్కో ముక్కా పట్టుకుని పేర్చి, వెనక అట్ట అంటించాడు. దానికి పటం కట్టే పని నాకు అప్పగించాడు.

"మీరు కొలిస్తే తిరుగుండదు అన్నా" అన్నాడు.

నేను స్టోర్సు గుమాస్తాను. వడ్రంగం నా సరదా. కొలతలో తప్పని మనిషినని కాలనీలో పేరు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది.

బొమ్మ ఎత్తు పద్దెనిమిది అంగుళాల ఆరు నూళ్లు. మా వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. ఆ రోజుల్లో ఆఫీసులో కొత్తగా దశాంశాలు వచ్చాయి. ఆ ఉత్సాహంలో డైరీలో 18.6 అని రాసుకున్నాను. వారం తర్వాత టేకు చెక్క కోసేటప్పుడు ఆ అంకెనే నమ్మి, పదో వంతుల స్కేలు పెట్టి కోశాను. నూలు ఎనిమిదో వంతని చిన్ననాటి నుంచీ తెలిసిన చేతులు నావి. అంకెను చూసి చేతిని మరిచాను.

ఆదివారం ఉదయం పెంచలయ్య, సుబ్బమ్మ, కోటమ్మ బొమ్మను పలక మీద మోసుకొచ్చి మా పంచలో దించి వెళ్లారు. చట్రంలో పెట్టి చూస్తే పట్టలేదు. ఒక నూలు పైచిలుకు తక్కువ. టేకు అయిపోయింది. నాలుగింటికి షెడ్డు వాళ్లను పిలిచాడు పెంచలయ్య. తప్పు కోశానని అంటే సరిపోయేది కాదా? సరిపోయేది. కానీ బొమ్మను రెండు పలకల మధ్య బిగించి, పై అంచుకు చిత్రిక పట్టాను. నీలం రంగు సన్న చీలికలు నేల మీద రాలాయి. అంతా ఆకాశమే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. చివరి తోపులో కుడి మూల ముక్క రెండుగా చీలి ఊడివచ్చింది. దాన్ని నీళ్ల పొయ్యిలో వేశాను. రెండింటికి కోటమ్మ వచ్చి పంచ ఊడ్చింది.

నాలుగింటికి పెంచలయ్య ఆ కాలిన వేళ్లతో అంచులన్నీ తడిమాడు. మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడి ముక్క యాడ పోయిందన్నా?"

నేనన్నాను: "మధ్యాహ్నం పంచ ఊడ్చింది కోటమ్మే."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్లు నన్ను వదలలేదు.

"ఏమే, చీపురు పడితే నీకు కళ్లు కనపడవా?" సుబ్బమ్మ లేచింది. "మూడు నెల్లు కూసోని పేర్చినాడే ఆయన!"

"నేను ఊడ్చింది పొట్టేనమ్మా. దాంట్లో ముక్క లేదు. నీలంగా సన్న చీలికలు ఉండినాయి. అయ్యనడగండి."

షెడ్డు వాళ్లలో ఒకడు నవ్వాడు. "స్టోర్సాయనకు గుండుసూది పోయినా తెలస్తాది. ఆయన్ని దాటి ముక్క పోతాదా?"

అందరూ నా వైపు చూశారు. ఎంతసేపు? ఆ కొలత మాత్రం నా దగ్గర లేదు.

"నాకు తెలీదు" అన్నాను.

కోటమ్మ నన్నే చూసింది. "సరే సామీ. మీరు చెప్పినాక ఇంకేముండాది."

సముద్రం మీదికి పోయిన భర్త తిరిగి రాక, రేవు పల్లె నుంచి మా కాలనీకి వచ్చిన మనిషి. మా వరసలో నాలుగిళ్ల పనే ఆమెకు ఆధారం. దీపాలు పెట్టే వేళకు నాలుగిళ్ల వాళ్లూ రావద్దన్నారు. అందులో మా ఇల్లు ఒకటి. నా భార్య చెబుతుంటే నేను లోపల డైరీ రాసుకుంటున్నాను. "పటం బాగా కుదిరింది. కోటమ్మ ఊడ్చేటప్పుడు ఒక ముక్క పోయింది."

ఆ చీలికలు ఆమె సుబ్బమ్మకు చూపించగలిగేదే. ఎందుకు చూపించలేదు? నన్ను కాపాడిందా? గుమాస్తా మాట ముందు తన మాట నిలవదని తెలిసిందా? ఎన్నిసార్లు వేసుకున్నా ఈ ప్రశ్నకు నాకు అనుకూలమైన జవాబే వస్తుంది. కాబట్టి దాన్ని నమ్మను.

మరునాడు ఉదయం తలుపు తీస్తే పంచ శుభ్రంగా ఊడ్చి ఉంది. గడప మీద ఒక అగ్గిపెట్టె. తెరిచాను. నీలం చీలికలు. మొదటి ప్యాసింజరుకే ఆమె వెళ్లిపోయిందని కొళాయి దగ్గర ఎవరో అంటున్నారు. పెట్టె మూసి జేబులో వేసుకుని, ఆఫీసుకు వెళ్లి, తిరిగి వచ్చి డైరీలో రాశాను: "విశేషాలు లేవు."

విశేషాలు ఇవి.