మూసిన తలుపు వెనక హారన్

దయ్యాల మాట వస్తే నవ్వి లేచిపోయే మనిషిని నేను. ఎవరైనా ఫ్యాన్ దానంతట అదే తిరిగిందంటే రెగ్యులేటర్ చూశారా అని అడిగే రకం. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మిషన్ ఏం చేసినా దానికో కారణం ఉంటుంది, కనపడలేదంటే మనం సరిగా వెతకలేదన్నమాట అని పిల్లలకు చెప్పి చెప్పి నా నోరే అరిగిపోయింది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి వీడికి ఇలాంటివంటే మొదటినుంచీ పిచ్చే అనుకోవద్దని.

జరిగింది మా అత్తగారింట్లో. టేకులపల్లి దాటి లోపలికి పోతే అడవి అంచున చిన్న ఊరు. అర్ధరాత్రి కాదు, చీకటీ కాదు. పట్టపగలు. నేను, నా భార్య సుజాత, మా అత్తమ్మ, ముగ్గురం అక్కడే ఉన్నాం. ముగ్గురం విన్నాం, ముగ్గురం చూశాం.

ముందు నరేష్ గురించి చెప్పాలి. సుజాత తమ్ముడు, నాకు ఒక్కగానొక్క బామ్మర్ది. మిర్చి లోడ్లకు ట్రాలీ ఆటో నడిపేవాడు. హెవీ లైసెన్స్ తీసుకుని బస్సు డ్రైవర్ ఉద్యోగం కోసం ఎదురుచూసేవాడు. వాళ్ల ఊరికి ఒకప్పుడు పొద్దునపూట ఒక బస్సు వచ్చేదట. ఎక్కేవాళ్లు తక్కువని ఆపేశారు. ఎప్పటికైనా ఆ బస్సు తనే నడుపుకుంటూ ఊళ్లోకి తేవాలని వాడి కోరిక. ఉద్యోగం రాలేదు గానీ, కొత్తగూడెంలో ఒక స్నేహితుడి గదిలో కంప్యూటర్ మీద బస్సు నడిపే ఆట చూశాడు. ఘాట్ రోడ్లు, అడవి దారులు, స్టాపులు, ఎక్కే జనం, దిగే జనం. ఇక ఆ ఆట వాణ్ణి పట్టుకుంది.

కానీ వాడి దగ్గర ఉన్నది పాత ల్యాప్‌టాప్. దాంట్లో విండోస్ వేస్తే, స్విచ్ నొక్కి పోయి చాయ్ తాగొచ్చినా ఇంకా లేచేది కాదు. అందుకని లైనక్స్ వేసుకున్నాడు. అదీ విండోస్ లాంటిదే, ఉచితంగా దొరుకుతుంది, ముసలి మిషన్ల మీద కూడా చురుగ్గా నడుస్తుంది. పాటలు, సినిమాలు, ఇంటర్నెట్, అన్నీ బాగానే ఉన్నాయి. ఆటల దగ్గరే వచ్చింది తంటా. పెద్ద ఆటలు చాలావరకు విండోస్ కోసమే తయారవుతాయి. ఈ బస్సు ఆట చేసినవాళ్లు లైనక్స్ కూ తెస్తామని ఒకసారి ఆశపెట్టి, ఆడేవాళ్లు తక్కువని తర్వాత చేతులెత్తేశారు.

ఆ కబురు చదివిన రోజు నరేష్ నాకు ఫోన్ చేశాడు. "బావా, మనూరికి బస్సు రాదు, నా లైనక్స్ కు ఆట రాదు. రెంటికీ ఒకటే మాట, జనం తక్కువ ఉన్నరట. ఇగ క్రాస్‌రోడ్డు కాడ దిగి ఆటో ఎక్కుడే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతులో బాధ తెలుస్తూనే ఉంది.

వాడన్న ఆటో ఏంటంటే, విండోస్ ఆటను లైనక్స్ కు అర్థమయ్యేట్టు చెప్పే దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వాడు దాన్ని వేసుకున్నాడు. కొన్ని ఆటలు దాంతో చక్కగా నడిచాయి. బస్సు ఆట మాత్రం నడవలేదు. మొదలుపెడితే నల్ల తెర, కొంచెం సేపు అలాగే ఉండి మూసుకుపోయేది. శబ్దం కూడా ఉండేది కాదు. నేను చూసి చెప్పాను. దాంట్లో ఉన్న గ్రాఫిక్స్ చిప్ మరీ పాతది, ఆ ఆటకు కావలసింది దాని దగ్గర అసలే లేదు, దుబాసీ ఎంత మొత్తుకున్నా లాభం లేదని. వింటేనా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సెట్టింగులు మార్చేవాడు, ఫోరమ్‌లలో అడిగేవాడు, మళ్లీ మళ్లీ నల్ల తెర చూసుకునేవాడు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లను ఏ సిస్టమ్ వాడతావని అడిగేట్టున్నావురా అని ఏడిపించేవాణ్ణి.

ఈ గోలలో పడితే వాడికి తిండి గుర్తుండేది కాదు. అత్తమ్మ అన్నానికి పిలిచి పిలిచి అలిసిపోయేది. ఆఖరికి కంచం తెచ్చి పక్కన పెడితే, కుడిచేత్తో కలుపుకుని తింటూ ఆ చేత్తోనే కీలు నొక్కేవాడు. కీబోర్డు మీద ఎప్పుడూ పసుపు మరకలే. ఆమె తిట్టడం, వాడు నవ్వడం, ఇంట్లో రోజూ ఇదే.

ముందటేడు వానాకాలంలో ఒక పొద్దున అత్తమ్మకు నిజంగానే కోపం వచ్చింది. ఎన్నిసార్లు పిలిచినా వాడు లేవలేదు. "ఆ డబ్బాతోనే సావు, నీకు అన్నం పెట్టేది లేదు పో" అన్నది. తల్లులు అనే మాటే. ఆ సాయంత్రానికే వాడికి జ్వరం అందుకుంది. మర్నాడు దవాఖానాకు తీసుకెళ్లాం. స్పృహ పోయింది, మళ్లీ రాలేదు. నాలుగు రోజులకు బామ్మర్దిని మోసుకుని ఇంటికొచ్చాం. ఆ పొద్దున పెట్టని అన్నం పెట్టనట్టే ఉండిపోయింది.

వాగు ఒడ్డున పిట్టకు ముద్ద పెట్టిన రోజు కాకి రాలేదు. రాలేదంటే, వచ్చి తునికి చెట్టు మీద కూర్చుంది, కిందికి దిగలేదు. పోయినవాళ్లకు కోపం ఉంటే కాకి ముట్టదంటారు. చికెన్ పెట్టారు, కూల్‌డ్రింక్ పోశారు, వాడికి ఇష్టమైన బిస్కెట్లు విప్పారు. ఒక్కొక్కరూ వచ్చి మొక్కారు. అత్తమ్మ చెంపలేసుకుని ఏడ్చింది. కాకి అలాగే చూసి ఎగిరిపోయింది. చివరికి ఆ మెతుకులు వాగులో కలిపి వచ్చాం.

ఆ రోజు నుంచి అత్తమ్మ అన్నం మానేసింది. "నా కొడుకు తినకుంట పోయిండు, నాకెట్ల దిగుతది" అన్నది. జావ తాగేది, ఎప్పుడైనా ఒక అరటిపండు. సుజాత బతిమాలింది, నేను కోప్పడ్డాను, డాక్టర్ భయపెట్టాడు. కాకులకు మనిషి కోపాలు తెలియవని ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. ఇంకో వానాకాలం చూడదని ఊళ్లో వాళ్లు మా ముందే అనడం మొదలుపెట్టారు. సుజాత రోజూ ఫోన్ పెట్టేసి ఏడ్చేది.

సంవత్సరీకం అయ్యాక పెత్రమాస వచ్చింది. ఆ రోజు పోయిన పెద్దలకు వాళ్లకు నచ్చినవి వండి, ఫోటో ముందు విస్తరి వేసి, తలుపు మూసి ఇంట్లోవాళ్లంతా బయట కూర్చుంటారు. పోయినవాళ్లు వచ్చి తినిపోతారని నమ్మకం. కాసేపయ్యాక తలుపు తట్టి తీస్తారు. మా మామ పోయినప్పటి నుంచీ ఏటా చూస్తున్నాను. ఆయన విస్తరి పక్కన బీడీ కట్ట, అగ్గిపెట్టె పెడతారు. వాటిని ఎవరూ ముట్టుకున్నది లేదు. తర్వాత ఆ బీడీలు పక్కింటి ముసలాయనకు పోతాయి.

ఈసారి మోదుగాకుల విస్తళ్లు రెండు. అన్నం, గారెలు, నరేష్ కు ప్రాణమైన చేపల పులుసు. అంతా సర్దాక అత్తమ్మ బీరువాలోంచి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఏడాదిగా దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. తడిపిన కొంగుతో కీలన్నీ ఒక్కొక్కటే తుడిచింది. పాత మరకలు పోయేదాకా తుడిచింది. ఇది నేను నా కళ్లతో చూశాను, ఎందుకంటే నీళ్లు లోపలికి పోతాయని నేనే అడ్డం చెప్పాను.

"ఆట పెట్టు బిడ్డా" అన్నది నాతో.

అది నడవదు అత్తమ్మా, మీకు తెలుసు కదా అన్నాను.

"అన్నానికి పిలిస్తె వాడెప్పుడొచ్చిండు? ఆటకు పిలిస్తెనే వస్తడు" అన్నది.

బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి ఛార్జర్ పెట్టి, ఆన్ చేసి, ఆట మొదలుపెట్టాను. ఎప్పటిలాగే నల్ల తెర. విస్తరి పక్కన పెట్టాను. చేపల వాసనకు పిల్లి దూరుతుందని సుజాత కిటికీ మూసి గడియ పెట్టింది. ఆ గదికి ఆ కిటికీ, ఈ తలుపు తప్ప ఇంకో దారి లేదు. పైన స్లాబు. ముగ్గురం బయటికొచ్చి తలుపు దగ్గరకేసి అరుగు మీద కూర్చున్నాం. ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పువ్వు కోసుకుని వస్తున్నారు. సుజాత వాళ్లలో ఎవరితోనో మాట కలిపింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

లోపల హారన్ మోగింది.

బస్సు హారన్. ఒకసారి పొడుగ్గా, తర్వాత రెండుసార్లు చిన్నగా. రోడ్డు మీద ఏదో బండి అనుకుని తలెత్తి చూశాను. దారి ఖాళీగా ఉంది. మళ్లీ మోగింది. ఈసారి వెంట ఇంజన్ చప్పుడు కూడా. గేరు మారినప్పుడు తగ్గి, మళ్లీ ఎత్తుకుంటోంది. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నాకే కనిపిస్తోంది.

ఈ ఆట నరేష్ స్నేహితుడి గదిలో నేనూ ఆడాను. కీ నొక్కి పట్టుకుంటేనే బస్సు కదులుతుంది, వదిలితే ఆగుతుంది. హారన్ కు వేరే కీ. దానంతట అది నడవదు. అసలు ఆ మిషన్ మీద తెర రావడమే అసాధ్యం. లేచి తలుపు మీద చెయ్యి వేశాను. భయపడి కాదు, చూడాలని. కాదు, అబద్ధమెందుకు, భయంగానే ఉంది.

అత్తమ్మ నా చెయ్యి తీసేసింది. ఆమెకు భయం లేదు. "తియ్యకు బిడ్డా. తినేటోని మీదికి పోతరా ఎవరన్న?" అన్నది మెల్లగా. చిన్నపిల్లాడిలా వెళ్లి కూర్చున్నాను. లోపల బస్సు నడుస్తూనే ఉంది. ఎత్తులెక్కుతోంది, దిగుతోంది. చివరికి బ్రేకు వేసిన గాలి చప్పుడు వచ్చి ఆగిపోయింది.

ఇంకొంచెం సేపు ఆగి అత్తమ్మే తలుపు తట్టి తీసింది.

తెర మీద బస్సు ఉంది. అడవి దారిలో ఒక స్టాపు దగ్గర నిలబడి ఉంది. ముందు తలుపు తెరిచి ఉంది, ఇండికేటర్ కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే తెర నల్లబడి ఆట మూసుకుపోయింది. ఫోన్ నా చేతిలోనే ఉంది, ఫోటో తీయాలన్న ఆలోచనే రాలేదు.

సుజాత చిన్నగా అరిచింది. నరేష్ విస్తట్లో అన్నం ఒకవైపు నుంచి కలిపి ఉంది. మామ విస్తరి పెట్టింది పెట్టినట్టే ఉంది. కిటికీ గడియ వేసినట్టే ఉంది. మంచం కింద వెతికాను, బీరువా వెనక చూశాను. పిల్లి లేదు, ఎలుక కూడా లేదు. తర్వాత ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి చూశాను. కుడివైపు, బస్సును ముందుకు నడిపే బాణం గుర్తు కీ మీద పులుసు. ఎర్రగా, నూనె తేలి, ఇంకా తడిగా ఉంది.

అత్తమ్మ ఆ కీ మీద వేలు పెట్టింది. వేలికంటిన పులుసు చూసుకుంది. ఒక్కసారిగా కోపం వచ్చింది ఆమెకు, నిజమైన కోపం. "చెయ్యి కడుక్కోని ముట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన్రా నీకు? ఎన్నిసార్లు చెప్పిన?" అని ఫోటో వైపు చూస్తూ అరిచింది. అరుస్తూ అరుస్తూనే విస్తరి ముందు కూర్చుంది. వాడు కలిపి వదిలిన అన్నంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఏడాది తర్వాత తొలి ముద్ద. తర్వాత ఇంకొకటి. ఏడుస్తూ విస్తరి అంతా ఖాళీ చేసింది. మేమిద్దరం నీళ్లిద్దామని కూడా తోచక చూస్తూ నిలబడ్డాం.

తర్వాత ఆమె ఒప్పుకుంటే ల్యాప్‌టాప్ మా ఇంటికి తెచ్చాను. మిషన్ తనలో రాసుకున్న వివరాలు అన్నీ తీసి చూశాను. ఆ రోజు ఆట మొదలైందని, గ్రాఫిక్స్ దొరక్క వెంటనే ఆగిపోయిందని ఉంది. అంటే కంప్యూటర్ లెక్కలో ఆ ఆట నడవనేలేదు. మేం విన్నదంతా వినలేదన్నమాట. మరి ముగ్గురికీ ఒకే హారన్ ఎలా వినిపించింది? ఆ పులుసు ఎవరు పూశారు? అదే ఛార్జర్, అదే ఆట, అదే పద్ధతి, ఎన్నిసార్లు ప్రయత్నించినా నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. లైనక్స్ బాగా తెలిసినవాళ్లను అడిగాను. ఆ చిప్ మీద ఆ ఆట తెర చూడటం జరగని పని అన్నారు. నాకూ తెలుసు. నరేష్ కు ఆ మాట చెప్పింది నేనే కదా.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అలాగని ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే నా దగ్గర మాట లేదు. అత్తమ్మ రెండు పూటలా అన్నం తింటోంది, ముఖం తేటపడింది. ఈ ఏడు పెత్రమాసకు చేపలు తెమ్మంటుందేమో అనుకున్నాను. నిన్న ఫోన్ చేసి, "ఆ డబ్బా తెస్తున్నవ్ గద బిడ్డా, చార్జరు మర్చిపోకు" అన్నది.

సంచిలో బట్టలకంటే ముందు అదే పెట్టుకున్నాను.