అవ్వ చెంబు

గ్రీసులో, ఏథెన్సు పాతపేటలో, కాగితంపూల తీగల కింద మెట్ల సందులు ఎక్కి ఆయాసంతో ఒక గుమ్మం ముందు ఆగాను. లోపలినుంచి ఓ ముసలామె గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఇచ్చేముందు దాని అంచును ఏప్రాన్‌తో తుడిచింది. ఆ తుడుపు నాకు తెలుసు.

ఒకప్పుడు మదనపల్లె నుంచి చుట్టుపక్కల పల్లెలకు, గొర్రెలకు టీకాలు వేయడానికి వెళ్లేవాణ్ని. పెద్దమండ్యం దగ్గరి పల్లెలో ఒక అవ్వ, వాకిట్లోకి ఎవరొచ్చినా చెంబు అంచు కొంగుతో తుడిచి, నీళ్లిచ్చాకే మాట్లాడేది. కిలోమీటరు మోసుకొచ్చిన నీళ్లు.

"తాగప్పా, ఎండలో పడి వస్తాండావు" అంది, నేను మొదటిసారి వెళ్లినప్పుడు.

నీళ్లు కలకగా కనిపించాయి. "దాహం లేదవ్వా" అన్నాను.

జీపు చాటున నా నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతుంటే, నేను మరిచిన మందుల పెట్టె తెచ్చి అవ్వ ఎదురుగా నిలబడి ఉంది.

"మా నీళ్లు పడవని చెప్తే సరిపోయేది గదప్పా. దాసుకోని తాగేది యాల?"

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా నవ్వుతూనే పలకరించింది. చెంబు మాత్రం తేలేదు.

ఏథెన్సు ముసలామె గ్లాసు ఖాళీ చేశాను. దాహం తీరినా ఇంకో గ్లాసు అడిగాను.