పచ్చ గీతలో పెరిగిన బిడ్డ

తొంభైల చివర్లో నేను మూకండపల్లిలో బాల్వాడి టీచరుని. ఇండస్ట్రియల్ ఎస్టేటు వెనకాల ఒక రేకుల షెడ్డు, వంటకు ఒక ఆయా, ఎస్టేటులో పనికిపోయే తల్లుల పిల్లలు ఇరవైమంది. ప్రపంచంలో చిన్నబిడ్డల భవిష్యత్తంతా మీ చేతుల్లోనే ఉందని ట్రైనింగులో చెప్పి పంపినారు. ఆ భవిష్యత్తుకు ఒక ఫ్యాను మాత్రం ఇయ్యలేదు.

ఆ ట్రైనింగు గురించి కూడా చెప్పాల. మూడు దినాలు క్రిష్ణగిరిలో కూర్చోబెట్టి, మెదడు ఎదిగేదంతా ఐదేళ్లలోపే, ఆటలాడించండి, కథలు చెప్పండి, బిడ్డ ప్రశ్న అడిగితే విసుక్కోవద్దండి అన్నారు. చెప్పినామె మేము ప్రశ్న అడిగినప్పుడల్లా విసుక్కునింది.

నెలకొక తూరి బిడ్డల్ని దూలానికి వేలాడే తూకంలో కూర్చోబెట్టి బరువు చూడాల. వయసుకు తగిన బరువుంటే చార్టులో పచ్చ గీత, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. ఎరుపులో ఉండే బిడ్డకు సత్తుమావు అనే బలం పిండిలో బెల్లం కలిపి చుట్టిన ఉండ ఒకటికి రెండు ఇయ్యాల, డాక్టరుకు చూపించాల. వినేదానికి ఎంత బాగుందో! అయితే ఎరుపు కనిపిస్తే మా సూపర్‌వైజరు మేడంకు మీటింగులో తిట్లు పడతాయి. ఆమె తిట్లు దాచుకునే రకం కాదు. మరుసటి దినమే మాకు పంచిపెడుతుంది.

ఆ ఏడాదే అంచెట్టి కొండల నుంచి ఒకామె ఎస్టేటులో ఊడ్చే పనికి వచ్చింది. కూతుర్ని నా దగ్గర విడిచి, "మూడేళ్లు నిండినాయి టీచరమ్మా, రాగికోతలప్పుడు పుట్టింది" అనింది. పుట్టిన సర్టిఫికెట్టా? బస్సే రాని కొండకు సర్టిఫికెట్టు యాడ వస్తుంది? బిడ్డ చూస్తే కోడిపిల్లంత ఉంది. నోరు మాత్రం, అబ్బో! నెల తిరక్కముందే తెలుగు, అరవం, కన్నడం పాటలన్నీ పట్టేసింది. ఆయా గిన్నె కడిగితే "ఈడ మసి ఉంది చూడు" అని చూపించేది. తూకమేస్తే ఎరుపు, చార్టులో ఎర్రచుక్క పెట్టినాను.

"ఈ ఎర్రచుక్క ఏందమ్మా, నా ప్రాణం తీసేదానికా?" అనింది మేడం.

"బరువు మార్చి రాయలేను మేడం, రేపు ఎవరన్నా వచ్చి తూకమేస్తే?" అన్నాను. మహా నిజాయితీపరురాలిని కదా నేను!

"బరువు మార్చమని ఎవరన్నారు?" అని ఆమె వయసు గడి మీద వేలు పెట్టింది.

మూడును రెండు చేసినాను. రెండేళ్ల బిడ్డకు ఆ బరువు దివ్యంగా సరిపోయింది. డాక్టర్లు చేయలేని పని నా బాల్‌పెన్ను చేసేసింది, బిడ్డ పచ్చలోకి వచ్చింది. రెండో ఉండ ఖర్చూ లేదు. మేడం నవ్వింది, నేనూ నవ్వినాను. ఆ తర్వాత ఇంకెంతమందికి అట్ల చేసినానో నాకే గుర్తులేదు.

రెండేళ్లు గడిచినాయి. ఎండాకాలంలో ఆ తల్లి వచ్చి, "ఐదు నిండి ఆరో ఏడు నడుస్తాంది. ఈ తూరి ఒకటో తరగతిలో చేర్చుకోకపోతే ఊర్లో మా అమ్మ దగ్గరికి పంపేస్తాను. మేకలన్నా తోలుకుంటుంది" అనింది. ఆడ బడి లేదా అంటే, బడుంది, అయ్యవారే రాడు అనింది. పోతే ఆ బిడ్డ చదువు అంతటితో సరి. నేనున్నాను కదా అని ధైర్యం చెప్పినాను.

జూన్‌లో ముగ్గురం సర్కారు బడికి పోయినాము. ఆ కాలంలో ఒకటో తరగతికి పరీక్ష ఒకటే. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోవాల. అందితే ఐదేళ్లు నిండినట్లు, అందకపోతే లేదు. మెదడు సంగతి క్రిష్ణగిరిలో, చెవి సంగతి ఈడ.

బిడ్డ చెయ్యి తిప్పింది. తల వంచింది, నాలుక బయటపెట్టి లాగింది. చెవికి ఇంకా రెండు వేళ్ల సందు. "అక్షరాలన్నీ చెప్తాను సారూ" అని తనే అనింది. హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. నవ్వి, "వచ్చే ఏడాది చెప్దువులే పాపా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తిండి చాలక చెయ్యి ఎదగలేదు సార్! సంతలో ఎద్దుకు పళ్లు చూసినట్ల బిడ్డకు చెవి చూసేదేంది? ఇదిగో నా రిజిస్టరు, వయసు ఇందులో చూడండి" అని ఆయన ముందర పెట్టినాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చూసినాడు. "నాలుగున్నరే కదమ్మా ఉంది. రాత నీదేనా? రెండేళ్లుగా పచ్చగీతలో ఉంది, తిండి చాలలేదంటావే?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. వయసు తప్పు పడింది సార్ అని గొణిగినాను. "అట్లయితే తప్పు రాసినానని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టు, ఈ దినమే చేర్చుకుంటాను" అని తెల్లకాగితం నా ముందుకు తోసినాడు.

"రాసియ్ టీచరమ్మా" అనింది తల్లి సంతోషంగా. ఆమెకు చదువు రాదు, ఒక కాగితం ముక్కే కదా అనుకునింది. ఆ కాగితం పైకి పోతే నా ఉద్యోగం పోతుంది. అంత అరిచినదాన్ని తేలు కుట్టిన దొంగ మాదిరి నిలబడినాను. "రేపొచ్చి రాసిస్తాను సార్" అన్నాను. బాల్‌పెన్ను నా చేతిలోనే ఉంది.

మూడు దినాలు నేను ఆ బడి పక్కకే పోలేదు. నాలుగో దినం తల్లి ఒక్కతే వచ్చింది. "బిడ్డను ఊరికి పంపేసినాను. నువ్వేం బాధపడొద్దు, నా బిడ్డ కోసం అరిచింది నువ్వొక్కతివే" అనింది. కొంగుతో కళ్లు తుడుచుకుని పనికి పోయింది. నేను పిల్లలకు పాట మొదలుపెట్టినాను.

రెండు నెలలకు బెంగళూరు నుంచి పెద్ద చదువుల వాళ్లు కొందరు వచ్చినారు, లోకంలో చిన్నబిడ్డల్ని ఎట్ల పెంచాలో పుస్తకం రాసేదానికి. ఒక్క ఎర్రచుక్క లేదని మెచ్చుకున్నారు. ఒకామె ఆ బిడ్డ గీత మీదనే వేలు పెట్టి, "ఎంత చక్కగా పెరిగింది! ఏది, ఒకసారి పిలవండి" అనింది.

"ఊరికి పోయింది మేడం" అన్నాను.

ఆయా ఆమెకు సత్తుమావు ఉండ ఇచ్చింది. చాలా బాగుంది, ఇంకొకటి ఉందా అనింది ఆమె. ఉంది మేడం అని నేనే తెచ్చి ఇచ్చినాను.