మేడ మీద ఎన్ని పడతాయి?

కుట్టుపని చేసే ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. కింది గదిలో ఆరు మిషన్లు, పై గదుల్లో ఆవిడ, అత్తగారు. వేసవిలో కరెంటు పోయిందంటే చాలు, ఆరు మిషన్లూ ఒక్కసారిగా మూగబోయేవి. సగం కుట్టిన చొక్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని పనివాళ్ళు గోడకు జారగిలబడేవారు. అందుకే మేడ మీద సోలార్ పెట్టించాలని నిశ్చయించుకుంది. ఎవరిచేత అన్నదే ఎంతకీ తేలలేదు.

మొదటివాడు ఇంటి ముఖం చూడకుండానే పది ప్యానెళ్ళు పడతాయని ఫోన్లో చెప్పేశాడు. రెండోవాడు తళతళలాడే బూట్లతో వచ్చి, రంగురంగుల బొమ్మ చూపించి, పన్నెండన్నాడు. టైలరమ్మకు బుర్ర తిరిగిపోయింది. మెడలో టేపుతోనే మేడెక్కి, వంగి వంగి తనే కొలిచింది.

"ఏమే, ఎవరి లెక్క సరిపోయింది?" అన్నారు అత్తగారు.

"ఎవరిదీ కాదు అత్తయ్యా. నాకు పదకొండొచ్చింది."

మూడో మనిషి పాత సంచి భుజాన వేసుకుని వచ్చాడు. నీళ్ళ ట్యాంకు నీడ ఎక్కడిదాకా పడుతోందో సుద్దముక్కతో గీశాడు. గంటన్నర కూర్చుని మళ్ళీ గీశాడు.

"ఎనిమిదేనమ్మా. ఈ మూల నీడొస్తుంది. ట్యాంకు కడగడానికి దారి వదలాలి కదా."

"సరే, ఎనిమిదే అనుకుందాం. కరెంటు పోతే మిషన్లు నడుస్తాయి కదా?"

"నడవవు."

టైలరమ్మ తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. "ఎండ ఉంటుందిగా?"

"ఉన్నా నడవవు. మామూలుగా బిగిస్తే లైను పోగానే ఇదీ ఆగిపోతుంది. లేకపోతే లైను బాగుచెయ్యడానికి స్తంభమెక్కినవాడికి షాక్ కొడుతుంది. నడవాలంటే బ్యాటరీ కావాలి. అదీ మూడు మిషన్లకే చాలుతుంది."

ఆయన వెళ్ళాక అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "అమ్ముకోవడానికొచ్చి నడవదంటాడేమిటే?"

టైలరమ్మ మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగింది. మొదటివాడు నీళ్ళు నమిలాడు. రెండోవాడు, "అవన్నీ తర్వాత చూసుకుందాం మేడమ్" అన్నాడు. అంటే మూడో ఆయన చెప్పిందే నిజమా? ఏమో, ముగ్గురికీ సగం సగమే తెలుసేమో.

మూడో ఆయన తను సోలార్ బిగించిన రెండిళ్ళ చిరునామాలు రాసిచ్చి వెళ్ళాడు. దగ్గరలో ఉన్న పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళి అడిగింది.

"పెట్టించి నాలుగేళ్ళయింది. ఒకసారి ఆగిపోయింది," అంది డాక్టరు.

"ఆగిపోయిందా?"

"మర్నాడే వచ్చి బాగుచేశాడు లెండి."

ఆగిపోయినందుకు భయపడాలో, మర్నాడే వచ్చినందుకు సంతోషించాలో తెలియక టైలరమ్మ దారంతా తర్జనభర్జన పడింది. ఇంటి గడప దాటేసరికి మాత్రం, నడవవని తనతో ముందే చెప్పిన మనిషి ఆయనొక్కడే అన్నది మనసులో మిగిలింది. ఆయనకే కబురు పెట్టింది.

ఎనిమిది ప్యానెళ్ళు, ఒక బ్యాటరీ బిగించారు. రెండో వారంలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. వీధంతా నిశ్శబ్దం. లోపల మూడు మిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి. ఆస్పత్రి నర్సుల కోట్లు సాయంత్రానికి ఇవ్వాలి కాబట్టి అవి కుట్టేవాళ్ళకు ఆ మూడు మిషన్లూ ఇచ్చి, మిగతావాళ్ళచేత గుండీలు కుట్టించింది.

మెట్ల కింద బిగించిన బ్యాటరీ పెట్టె మీద అంకెలు వెలుగుతూ, మారుతూ ఉంటాయి. వాటి సంగతి ఆయన రెండుసార్లు విడమరిచి చెప్పాడు. ఆవిడ రెండుసార్లూ అర్థమైనట్టు తలాడించింది.